నువ్వు రాని రోజు ఏమాగేది

కొత్త ప్లైవుడ్‌ను రంపంతో కోస్తే ఒక ఘాటు వస్తుంది. అది చెక్క వాసన కాదు, పొరల్ని పట్టి ఉంచే జిగురు వాసన. కళ్ళు మండుతాయి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో మేము కట్టుకున్న ఇంటికి ఈ వారం అల్మారాలు చేయిస్తున్నాం. వడ్రంగి వెంకటాచారి వరండాలో షీటు పరిచి కోస్తుంటే నేను వంటింట్లో నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఉల్లిపాయలు కూడా తరగడం లేదు కదా అని మా ఆయన వేళాకోళం చేశాడు. ఆ వాసన ఏమిటో ఆయనకూ తెలుసు. నేను టైపిస్టుగా ఉన్న ప్లైవుడ్ మిల్లులోనే ఆయన లారీ నడిపాడు.

వెంకటాచారి నలభై దాటిన మనిషి. ఒక పెద్ద ఫర్నిచర్ కార్ఖానాలో చాలా ఏళ్ళు మేస్త్రీగా చేశాడట. అది మూతపడ్డాక ఇలా ఇళ్ళ వెంట తిరుగుతున్నాడు. మధ్యాహ్నం టీ ఇచ్చినప్పుడు, నేను గ్రానైట్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తానని తెలిసి, గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు.

"మేడం, మీ కంపెనీల ఏదన్న ఉంటే జెర చెప్పుండ్రి. ఏ పనైనా చేస్త."

"గట్ల అనకు," అన్నాను. "ఏ పనైనా చేస్త అని ఎవరికీ చెప్పకు."

అనుకున్నదానికంటే గట్టిగానే అన్నట్టున్నాను. అతను బెదిరి, తానేం తప్పు మాట్లాడాడో తెలియక మళ్ళీ రంపం చేతిలోకి తీసుకున్నాడు. తప్పు అతనిది కాదు. మా వైపు ఆ మాట మర్యాద. పని అడగడానికి వెళ్ళిన మనిషి నాకిది వచ్చు, అది వచ్చు అని చెప్పుకుంటే పొగరనుకుంటారు. చేతులు కట్టుకుని ఏ పనైనా చేస్తానని అనాలి. ఆ మాట మాని పని అడగడం నాకు నేర్పిన మనిషి దైవసహాయం సార్. చివరికి ఆ మాటను ఆయన నోటి నుంచే విన్నాను. విని ఏళ్ళు గడిచినా ఇప్పటికీ అది నా చెవిలోంచి పోలేదు.

భద్రాచలం రోడ్డులో కిన్నెరసాని దాటాక, అడవి దగ్గరపడే చోట ఉండేది మా మిల్లు. లారీల్లో దుంగలు వచ్చేవి. వాటిని వేడినీళ్ళ తొట్లలో నానబెట్టి, మిషన్ మీద గిరగిరా తిప్పుతూ పలచటి పొర తీసేవాళ్ళు. పొరల్ని ఆరబెట్టి, జిగురు పూసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ప్రెస్సులో నొక్కితే షీటయ్యేది. ఊరంతా ఆ జిగురు వాసనే. పెట్టెలో దాచుకున్న పెళ్ళి చీరలకు కూడా అదే వాసన.

దైవసహాయం సార్ ఆ మిల్లులో లేబర్ ఆఫీసరు. మధిర వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం, మాట మెత్తన. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. తెల్ల చొక్కా మణికట్టు గుండీ ఎండాకాలంలో కూడా విప్పేవారు కాదు. మనుషుల్ని పనిలోకి తీసుకోవడం, సెలవులివ్వడం, కొట్లాటలు తీర్చడం అన్నీ ఆయన చేతి మీదుగానే జరిగేవి. డెబ్బైల చివర్లో టైపు లోయరు పాసై నేను ఆయన ముందుకు వెళ్ళాను. మాది తిరుమలాయపాలెం దగ్గర తండా. అక్కడ టైపు మిషన్ మీద చెయ్యి పెట్టిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. తండ్రి పేరు, కులం, ఊరు, పుట్టిన తేదీతో మొదలుపెట్టి ఒక బయోడేటా రాసుకుపోయాను. చివర్న, దయతో ఏ పని ఇచ్చినా చేయగలదానను అని చేర్చాను. ఆయన దాన్ని ఆసాంతం చదివి కళ్ళజోడు తీశారు.

"ఏ పనైనా అంటే? బాయిలర్లో కట్టెలేస్తావా?"

"ఏస్త సార్."

"చేతులు కాల్చుకుంటావు. టైపు వచ్చా నీకు?"

"వస్తది సార్."

"మరి ఆ ముక్క ఇందులో ఎక్కడుంది? మీ నాన్న పేరు కింద, ఊరి పేరు కింద, అడుగున దాక్కుంది. దాన్ని పైకి తీసుకురా. మిగతావన్నీ కిందికి పోనీ."

ఇంకో తెల్ల కాగితం ఇచ్చి, అక్కడే మిషన్ ముందు కూర్చోబెట్టి టైపు చేయించారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఉద్యోగమైతే ఇచ్చారు గానీ చాలా రోజులు ఆయనంటే నాకు గుర్రుగానే ఉండేది. నన్ను వెక్కిరించారనుకున్నాను. తండా పిల్ల కాగితంలో మొదట కనబడేది ఆమె కులమో తండ్రో కాక ఆమె చేసే పని అయి ఉండాలని ఆయన కోరుకున్నారు. ఆ సంగతి నాకు తట్టడానికి మరికొంత వయసు రావలసి వచ్చింది. అప్పటికి ఆయన దగ్గర పనిచేయడం నాకు అలవాటయి, ఆయన కొట్టేయబోయే మాటలు నేనే ముందుగా కొట్టేసే స్థితికి వచ్చాను.

ఎనభైల్లో దుంగలు తగ్గుతూ వచ్చాయి. చెట్లు కొట్టడం మీద కట్టడి పెరిగింది. అడవికి అది మంచిదే, కాదనను. మాకు మాత్రం అన్నంలో మన్ను పోసినట్టయింది. మొదట రాత్రి షిఫ్టు ఆగింది, తరవాత ఒక ప్రెస్సు, ఆ తరవాత బాయిలర్. ఒక ఉదయం గేటుకు నోటీసు అంటించి యజమానులు తమ దారి తాము చూసుకున్నారు. లెక్కలు ముగించడానికని సార్‌నూ నన్నూ మాత్రం కొన్నాళ్ళు ఉంచారు. మనుషులు గేటు ముందు గుంపుగా నిలబడి, మళ్ళీ తెరుస్తారా అని అడుగుతూనే ఉండేవాళ్ళు. తెరవరని సార్ ఒక్కరే చెప్పేవారు. ఆ మాటకు కొందరు ఆయన్ను తిట్టారు కూడా. తిట్టినవాళ్ళను సైతం పేరు పెట్టి లోపలికి పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరికి బయోడేటా రాయించడం మొదలుపెట్టారు.

పొర తీసే మిషన్ మీద చేసిన లింగయ్య వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తలగుడ్డ విప్పి చేతిలో నలుపుతూ తలుపు పక్కనే నిలబడ్డాడు. సార్ కుర్చీ చూపించి, కూర్చునేదాకా మాట్లాడలేదు.

"నాకేం రాదు సార్. సదువు లేకపాయె. ఏ పనన్న చేస్తడని రాయుండ్రి," అన్నాడు లింగయ్య.

"నువ్వు రాని రోజు మిల్లులో ఏమాగేది?"

"ఏమాగుతది సార్, నాతోని."

"ఆలోచించి చెప్పు. మీ అమ్మాయి పెళ్ళికి సెలవు పెట్టావు కదా, అప్పుడేమైంది?"

లింగయ్య తలగుడ్డ నలపడం ఆపాడు. "అప్పుడా. అప్పుడు కత్తి కుదరలే సార్. పొర ఒక దిక్కు దొడ్డుగ, ఒక దిక్కు సన్నగ వచ్చింది. షీట్లన్ని పక్కకు పడేసిండ్రు. ఆ కత్తి సానపట్టి కూసోబెట్టుడు నాకే అలవాటు."

"కమలా, అది టైపు చెయ్యి. అన్నింటికంటే పైన," అన్నారు సార్.

ఆ కాగితం పట్టుకుని లింగయ్య రాజమండ్రి వైపు ఇంకో ప్లైవుడ్ మిల్లులో చేరిపోయాడు. ఇలా ఎంతోమంది వెళ్ళారు. ప్రతివాణ్ణీ ఆ ప్రశ్నే అడిగేవారు. పంపేముందు నాలుగు మాటలు చెప్పేవారు. వెళ్ళినచోట పాత యజమానిని తిట్టొద్దు, రేపు తమనూ ఇలాగే తిడతాడనుకుంటారు. నాయకుల సిఫారసు చీటీ తీసుకుపోవద్దు, చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటే కాయ విలువ ఎవరికీ తెలియదు. పేపర్లో ప్రకటన కోసం కూర్చోవద్దు, అది పడేసరికి ఆ కుర్చీలో ఎవరో కూర్చునే ఉంటారు. మనతో పనిచేసి ముందే బయటపడ్డవాళ్ళు ఎక్కడున్నారో వెతుక్కుంటూ వెళ్ళాలి. ఇన్నీ చెప్పి, ఇన్నేళ్ళు ఇక్కడ బాగా పనిచేశాడని ఒక సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి, మిల్లు ముద్ర వేసి ఇచ్చేవారు. అంతా అయ్యాక ఒకనాడు నాకు అనుమానం వచ్చింది.

"మరి మీ సర్టిఫికెట్ మీద ఎవరు సంతకం పెడతారు సార్?"

ఆయన ముద్ర మూత బిగిస్తూ నవ్వారు. "పెట్టాల్సినవాళ్ళు బండెక్కి వెళ్ళిపోయారు గదమ్మా."

"ముద్ర మీ దగ్గరే ఉన్నది. మీరే పెట్టుకోండ్రి."

"నా మంచితనానికి నేనే సాక్షినా?" అని ముద్రను సొరుగులో పెట్టి తాళం వేశారు. ఆ తాళంచెవి కూడా తరవాత యజమానుల మనిషికి అప్పగించేశారు.

క్వార్టర్లు ఖాళీ చేయించాక మేమంతా ఖమ్మం చేరాం. మా ఆయనకు లారీ దొరకలేదు. నేనొక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కాగితానికింత అని టైపు చేసేదాన్ని. సార్, ఆయన భార్య శాంతమ్మగారు రైల్వే స్టేషన్ వైపు ఒక గది కిరాయికి తీసుకున్నారు. వాళ్ళకు పిల్లల్లేరు. ఆమెకు షుగరు, చూపు సన్నగిల్లుతోంది. సార్‌కు యాభై దాటాయి. ఊళ్ళో అందరి కాగితాలూ దిద్దిన మనిషి ఇప్పుడు తన కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చేవారు.

మొదటిసారి అది రెండు పేజీలు. ఎన్ని వందలమందిని పనిలో పెట్టారో, సమ్మె రాకుండా ఎలా ఆపారో, ప్రమాదంలో చెయ్యి పోయినవాడికి ఎలా పరిహారం ఇప్పించారో అన్నీ ఉన్నాయి. "మొత్తం కొట్టమ్మా, దాచడానికేముంది," అన్నారు. ఎంత ఉత్సాహంగా ఉన్నారో ఆ రోజు. జవాబులు రాలేదు. వచ్చిన ఒకటి రెండింటిలో, తమరి అనుభవానికి తగిన స్థానం మా వద్ద లేదని ఎంతో గౌరవంగా రాశారు.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని ఊరికే అన్నారా," అని ఆ ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నారు.

రెండోసారి వచ్చినప్పుడు సమ్మె సంగతి కొట్టేశారు, పరిహారం సంగతి కొట్టేశారు. లేబర్ ఆఫీసర్ అన్నచోట లేబర్ అసిస్టెంట్ అని దిద్దారు. నేను టైపు చేసి ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు అర పేజీ మిగిలింది. టైమ్ కీపర్ అని ఉంది. కూలీలు లోపలికి వచ్చే వేళ, పోయే వేళ రాసుకునే ఉద్యోగమది. మిల్లులో ఆ పని చేసిన కుర్రవాణ్ణి తీసుకున్నదే ఆయన. నా చేతులు ఆగిపోయాయి.

"సార్, ఉన్నది పైకి తీసుకరమ్మని చెప్పింది మీరే కదా."

"నీ వయసులో పైకి తేవాలమ్మా. నా వయసులో దాన్ని చూసి జడుసుకుంటున్నారు."

"ఎన్నేళ్ళు చేసిండ్రో అదన్న ఉంచుదాం."

"ఏళ్ళు తీసెయ్యి."

నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. మీటలు విరిగేలా కొట్టాను. మిల్లులో దుంగను మిషన్ మీద పెట్టి పొరలన్నీ తీశాక చివరికి చేతికర్రంత నడిమి ముక్క మిగిలేది. దాన్ని బాయిలర్లో వేసేవాళ్ళు. ఆ కాగితాన్ని ఆయన చేతికిస్తుంటే నాకు ఆ ముక్కే గుర్తొచ్చింది. ఆయన చదువుకుని, ఒక్క తప్పు లేదమ్మా అని మెచ్చుకుని వెళ్ళారు.

ఆ తరవాత ఊరి బయట ఒక గ్రానైట్ కంపెనీ ఆఫీసులో టైపిస్టు ఒకరు, టైమ్ కీపరు ఒకరు కావాలని తెలిసింది. నాకు చెప్పింది సారే. ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఉంది, మణికట్టు గుండీ పెట్టి ఉంది. యజమాని కొడుకు, ముప్పై కూడా నిండని మనిషి, లోపలి గదిలో కూర్చుని పిలుస్తున్నాడు. మధ్యలో ప్లైవుడ్ అడ్డుగోడ. సార్ దాని మీద వేలి కణుపుతో కొట్టి చూసి, "మన షీటే," అన్నారు. ఆయన మొహంలో వెలుగు చూడటం నాకదే ఆఖరు.

ముందు నన్ను పిలిచారు. కుర్చీ చూపిస్తే కూర్చున్నాను. మిల్లు ఎందుకు మూతపడిందని అడిగితే ఎవరినీ తిట్టకుండా చెప్పాను. ఏమేం వచ్చని అడిగితే టైపు, జీతాల పట్టీలు, కోర్టుకు పోయే కాగితాలు అని చెప్పాను. ఏ పనైనా చేస్తాననలేదు. సోమవారం నుంచి రమ్మన్నాడు. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను, సార్ లోపలికి వెళ్ళారు. మన షీటు ఎంత గట్టిదైనా మాటను ఆపదు. అంతా వినబడింది.

"మీరు ఆ మిల్లుల లేబర్ ఆఫీసర్ కదా? మా గుమస్తా జెప్పిండు. గిదేంది, టైమ్ కీపర్ అని రాసిండ్రు?"

సార్ ఏదో మెల్లగా అన్నారు.

"మా తాన గంత పెద్ద పని లేదు పెద్దాయనా. రేపు మీకు నేనేం చెప్తా? మీరే నాకు చెప్తరు."

"చెప్పనండి. నేనేమీ చెప్పను."

కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. తరవాత సార్ గొంతు వచ్చింది. ఆ గొంతు నాకు తెలిసిన గొంతు కాదు, తలుపు పక్కన నిలబడ్డ లింగయ్య గొంతు.

"ఏ పనైనా చేస్తానండి. గేటు దగ్గర కూర్చోమన్నా కూర్చుంటాను."

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. నాకు ఉద్యోగం వచ్చిందని సంతోషించడానికి సిగ్గేసింది. సంతోషం లేదా అంటే ఉంది, మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో నాకే తెలుసు. ఊళ్ళోకి వచ్చాక ఆయనే నోరు విప్పారు.

"లోపలి మాటలు నీకు వినబడ్డాయా?"

"లేదు సార్."

"వినబడే ఉంటాయిలే." ఫైలు ఒళ్ళో సర్దుకున్నారు. "విన్నది మర్చిపో కమలా. నేను చెప్పింది మాత్రం గుర్తుపెట్టుకో."

ఆ తరవాత ఆయన నా దగ్గరికి టైపుకు రాలేదు. ఒకసారి గదికి వెళితే వేరే వాళ్ళున్నారు. మధిర వెళ్ళిపోయారని ఒకరు, ఊళ్ళోనే ఉన్నారని ఒకరు చెప్పారు. కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం లింగయ్య మా ఆఫీసు వెతుక్కుంటూ వచ్చాడు. రాజమండ్రి నుంచి బంధువుల ఊరికి వచ్చి, పదిహేను రోజుల కిందట వాళ్ళ మిరప బస్తాలతో పాటు ఖమ్మంలో కోల్డ్ స్టోరేజీకి వెళ్ళాడట. అక్కడ గేటు దగ్గర స్టూలు మీద ఖాకీ చొక్కా వేసుకుని సార్ కూర్చుని ఉన్నారట.

"మాట్లాడినవా?" అన్నాను.

"లేదమ్మా. పలకరిస్తే లేచి నిలబడతడేమోనని భయమైంది. నన్ను చూసి ఆయన లేచి నిలబడితే నేనెట్ల తట్టుకుంట?"

లింగయ్య తలగుడ్డలో మొహం దాచుకుని ఏడ్చాడు. ఖాకీ చొక్కాకు మణికట్టు గుండీ పెట్టి ఉందా అని అడగాలనిపించింది, అడగలేదు. మర్నాడే సెలవు పెట్టి వెళ్ళాను. గేటు దగ్గర స్టూలు ఉంది, దాని మీద ఇంకెవరో నడివయసు మనిషి కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. దైవసహాయం గారని ఇక్కడ ఉండాలి అన్నాను.

"ఆ ముసలాయననా? పోయిన వారం కాలం చేసిండమ్మా. గుండెనొప్పి. ఆయన భార్యను సుట్టాలు మధిర తీస్కపోయిండ్రు."

"మరి ఇక్కడ?"

"ఆయన జాగల నేనొచ్చిన."

గేటు తెరిచే ఉంది. మిరప లారీలు లోపలికి వెళుతున్నాయి, వస్తున్నాయి. ఎండలో మిరప ఘాటుకు అందరి కళ్ళలోనూ నీళ్ళే, నావి ఎవరూ చూడలేదు. నువ్వు రాని రోజు ఏమాగేదని అంతమందిని అడిగిన మనిషి రాకపోతే అక్కడ ఏదీ ఆగలేదు. అది నాకు భరించరానిదిగా తోచింది. ఇప్పటికీ అలాగే తోస్తుంది. లింగయ్య కత్తి సంగతి అంత ఓపికగా బయటికి తీసిన ఆ ప్రశ్నను ఆయన్ను అడిగేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు. నేనైనా అడిగి ఉండవచ్చు. కానీ అప్పుడు నాకు తోచలేదు, తోచినా ఆయనకు ఎదురుగా అంత మాట అనగలిగేదాన్ని కాదు.

ఆఫీసులో అప్పుడప్పుడు ఎవరో ఒకరు కాగితం తెచ్చి చూపిస్తుంటారు. ఇప్పుడు బయోడేటా అనడం లేదు, రెజ్యూమ్ అంటున్నారు, కంప్యూటర్ మీద కొట్టిస్తున్నారు. పేరేదైనా తండ్రి పేరు ఇంకా పైనే ఉంటోంది. నేను దాన్ని కిందికి దించుతాను. ఏ పనైనా చేస్తానన్న మాట కనబడితే కొట్టేస్తాను. కొట్టేసిన ప్రతిసారీ అడ్డుగోడ అవతలి గొంతు వినబడుతుంది. ఆయన మర్చిపోమన్నది, గుర్తుపెట్టుకోమన్నది రెండూ నా దగ్గర కలిసే ఉన్నాయి.

సాయంత్రం వెంకటాచారి పనిముట్లు సంచిలో సర్దుకుంటున్నాడు. మధ్యాహ్నం కసురుకున్నందుకు నాకే బాగాలేదు. కుర్చీ తెచ్చి వరండాలో వేసి కూర్చోమన్నాను. వద్దు మేడం అన్నాడు. కూర్చునేదాకా నేను మాట్లాడలేదు.

"నువ్వు రాని రోజు ఆ కార్ఖానాల ఏమాగేది?"

అతను అరచేతులకు అంటిన పొట్టు దులుపుకున్నాడు.

"ఏమాగుతది మేడం. నేను గాకపోతే ఇంకొకడు వస్తడు."

సార్ అయితే ఇక్కడ వెంటనే ఇంకో మాట అందుకునేవారు. నాకు ఆ స్టూలు కళ్ళముందు కనబడింది. అతను చెప్పింది అబద్ధమని అనలేను. జిగురు ఘాటు ఇంకా వరండాలోనే ఉంది.

"ఎప్పుడన్న సెలవు పెట్టినవా? ఆ రోజు గుర్తు చేసుకో," అన్నాను చివరికి.

అతను ఆలోచించడం మొదలుపెట్టాడు. నేను కాగితం మోకాలి మీద పెట్టుకుని, పైన జాగా వదిలి, అడుగున అతని తండ్రి పేరు, ఊరి పేరు అడిగి రాశాను. పైన ఏం రాయాలో అతనింకా చెప్పలేదు.